ఇంటి దగ్గరే బైక్ పెట్రోల్ ట్యాంకు విప్పి, మళ్లీ బిగించడం ఎలా?

స్ప్లెండర్ లాంటి బైకులో పెట్రోల్ ట్యాంకును పట్టి ఉంచేవి ముందు రెండు రబ్బర్లు, వెనక ఒక బోల్టు. పానా పట్టుకోవడం వచ్చిన ఎవరైనా దాన్ని విప్పగలరు. బోల్టు సంగతి అర నిమిషంలో తేలిపోతుంది. శ్రద్ధంతా పెట్టాల్సినవి రెండు: విప్పేటప్పుడు పెట్రోలు, బిగించేటప్పుడు పైపులు, వైర్లు, కేబుళ్లు. ఈ రెండింటి మీద మనసు పెడితే ట్యాపెట్ సెట్టింగ్ (ఇంజన్ వాల్వుల గ్యాప్) చూసుకోవాలన్నా, ప్లగ్ కాయిల్ మార్చాలన్నా, ట్యాంకులో చేరిన నీళ్లు తీయాలన్నా, ట్యాంకుకి పెయింట్ వేయించాలన్నా ప్రతిసారీ షెడ్డుకి తిరగాల్సిన పని ఉండదు.

ఇక్కడ చెప్పేదంతా కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఉన్న బండి గురించి. అంటే 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ మొదలుకుని, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేదాకా మన ఊళ్లలో తిరిగిన స్ప్లెండర్లు, ప్యాషన్లు, వాటి తోటి 100 సీసీ బళ్లు. ఆ తర్వాత వచ్చిన బళ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోలుని పంపు ఒత్తిడితో చిమ్మించే పద్ధతి) ఉంటుంది. వాటి పద్ధతి కొంచెం వేరు, దాని గురించి చివర్లో చెబుతాను.

ముందు చోటు, వేళ

పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. ఇక ఖమ్మంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం సంగతి చెప్పక్కర్లేదు. అందుకని ఎండ ఎక్కకముందే, పొద్దున్నే పని పెట్టుకోండి. రాత్రంతా ఆగిన బండి కాబట్టి ఇంజన్, సైలెన్సర్ కూడా చల్లగా ఉంటాయి. అప్పుడే తిరిగొచ్చిన బండి అయితే కనీసం గంటసేపు ఆగాలి. వేడి సైలెన్సర్ మీద నాలుగు చుక్కలు పడినా ప్రమాదమే.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది, పల్లం ఎటు ఉంటే అటు పాకుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పని వద్దే వద్దు అనడానికి కారణం ఇదే. గాలి ఆడని ఆ చోట ఆవిరి అడుగునే నిలిచిపోతుంది. పక్కనే నీళ్ల మోటారు ఆన్ అయితే స్విచ్‌లో వచ్చే నిప్పురవ్వ చాలు. ఇంటి ముందు ఖాళీ స్థలం, వాకిలి, గాలి ఆడే పెరడు మంచివి. వంటింటి కిటికీ కింద, దీపం వెలిగే తులసికోట దగ్గర వద్దు. మన దగ్గర బండి విప్పితే చాలు, చూడ్డానికి నలుగురు చేరతారు. వాళ్లలో ఒకరి చేతిలో సిగరెట్టో బీడీనో ఉండొచ్చు. మొహమాటపడకుండా ముందే దూరంగా ఉండమనండి. పిల్లల్ని లోపలికి పంపండి.

ఒక బకెట్ పొడి ఇసుక దగ్గర పెట్టుకోండి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే పెట్రోలు నీటి మీద తేలి మంట ఇంకా పరుచుకుంటుంది. ఇసుక గానీ పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ గానీ పనికొస్తుంది.

పనిముట్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. 10, 12, 14 నంబర్ పానాలు, స్క్రూ డ్రైవర్, కటింగ్ ప్లయర్, పాత గుడ్డలు, మూత ఉన్న ఇనుప డబ్బా లేదా పెట్రోలు కోసమే చేసిన క్యాన్. ట్యాంకును దించి పెట్టడానికి పాత స్కూటర్ టైరు ఒకటి దొరికితే చాలా బాగుంటుంది. టైరు మీద దుప్పటి మడిచి వేసి ట్యాంకును కూర్చోబెడితే, కింద పొడుచుకొచ్చిన పెట్రోల్ కాక్ (పెట్రోలుని ఆపి, వదిలే కుళాయి) మధ్యలో ఖాళీగా ఉండిపోతుంది. ట్యాంకు బరువంతా కాక్ మీద పడి అది వంగడం, అక్కడి వాషర్ లీకవడం ఉండదు.

పెట్రోలు తగ్గించడం

లీటరు పెట్రోలు దాదాపు ముప్పావు కిలో తూగుతుంది. పది లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే ఏడున్నర కిలోలు, అదీ లోపల అటూ ఇటూ ఊగే బరువు. అందుకే ట్యాంకు ఎప్పుడు విప్పాలో పెట్రోలు పోయించుకునే రోజే అనుకోవాలి. రిజర్వ్‌కి వచ్చేదాకా బండి నడిపి, అప్పుడు పని పెట్టుకుంటే సగం శ్రమ తగ్గుతుంది.

రిజర్వ్‌కి రాలేదా, కాక్ నుంచే దించేయండి. ముందు కాక్ ఆఫ్ చేయండి. పైపుని కార్బొరేటర్ వైపు విప్పి, ఆ చివరని క్యాన్‌లో పెట్టండి. క్యాన్ నేల మీద ఉండాలి, పైపు దాని అంచుకి ఆనుకుని ఉండాలి. పైనుంచి ధారగా పోస్తే పెట్రోలు రాపిడికి స్టాటిక్ కరెంటు పుడుతుంది. ఇంట్లో ఉండే ప్లాస్టిక్ బకెట్లు, కూల్‌డ్రింక్ సీసాలు ఈ పనికి వద్దు అనడానికి అదొక కారణం. ఇప్పుడు కాక్‌ని రిజర్వ్‌కి తిప్పండి. ఆన్ మీద పెడితే లోపలి పొడుగు గొట్టం నుంచి వస్తుంది కాబట్టి ఆ ఎత్తు దాకే దిగి ఆగిపోతుంది. రిజర్వ్ గొట్టం అడుగున ఉంటుంది. ధార సన్నగా వస్తుంటే ట్యాంకు మూత ఒకసారి తెరవండి. మూత తెరవగానే ధార పెరిగిందంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం. నడుస్తూ నడుస్తూ బండి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అయ్యే జబ్బుకి చాలాసార్లు ఇదే మూలం. మూత చేతిలో ఉండగానే శుభ్రం చేసేయండి.

పైపు పెట్టి నోటితో లాగడం మాత్రం ఎంత అనుభవం ఉన్నవాళ్లు చేసినా తప్పే. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రి పాలవుతారు. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకండి, వచ్చేటప్పుడు మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

తీసిన పెట్రోలుని కొంచెం గాజు గ్లాసులోకి వంచి వెలుగులో చూడండి. అడుగున వేరే పొరలా కనిపిస్తే అది నీళ్లు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి చేరతాయి. బండి నెలల తరబడి కదలకుండా ఉన్నా, వానలో మూత దగ్గర నీళ్లు దిగినా ఇలా జరుగుతుంది. రిజర్వ్‌కి తిప్పగానే బండి ముక్కుతోందంటే అడుగున ఉన్న ఈ నీళ్లనే ముందు అనుమానించాలి. చూసిన తర్వాత గ్లాసుని మళ్లీ వంటింట్లోకి తీసుకెళ్లకండి.

విప్పడం

బండిని చదును నేల మీద డబుల్ స్టాండ్ వేసి నిలబెట్టండి. సైడ్ స్టాండ్ మీద ట్యాంకు విప్పితే పెట్రోలు ఒక పక్కకి చేరి, ఎత్తేటప్పుడు చేయి తూలుతుంది. తాళం తీసి జేబులో వేసుకోండి.

సైడ్ కవర్లు ముందు తీయాలి. స్క్రూ ఉంటే విప్పి, కవర్ మేకులు రబ్బరు బుష్‌లలో ఎక్కడ దిగాయో వేలితో తడిమి, అక్కడే పట్టుకుని లాగండి. మధ్యలో పట్టుకుని గుంజితే ప్లాస్టిక్ మేకు విరుగుతుంది. పాత బళ్ల కవర్లు దారం వేసి కట్టుకుని తిరిగేది ఇందుకే. కవర్ తీశాక బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి పక్కకి పెట్టండి. తర్వాత సీటు బోల్టులు విప్పి, సీటుని వెనక్కి లాగి పైకెత్తితే వచ్చేస్తుంది. విప్పిన ప్రతి బోల్టూ దాని వాషర్‌తో సహా ఒక గిన్నెలో వేయండి. అంతకంటే మంచి పద్ధతి, ముఖ్యంగా ట్యాంకు బోల్టుకి, విప్పకముందే ఫోన్‌తో దగ్గర్నుంచి ఫొటో తీసుకోవడం. అక్కడ వాషర్, రబ్బరు, రబ్బరు మధ్యలో చిన్న ఇనుప గొట్టం ఒక వరసలో ఉంటాయి. ఆ వరస తర్వాత కావాలి.

ఇప్పుడు పెట్రోల్ పైపు. కాక్ ఆఫ్‌లో ఉందో లేదో ఇంకోసారి చూడండి. కాక్ దగ్గరి క్లిప్పు చెవులు ప్లయర్‌తో నొక్కి కిందికి జరపండి. పైపుని లాగకూడదు, ముందు చుట్టూ తిప్పాలి. అటూ ఇటూ తిప్పితే పట్టు వదులుతుంది, అప్పుడు మెల్లగా జారుతుంది. ఏళ్ల తరబడి కదలని పైపు గట్టిపడి రాదు. దాన్ని గుంజితే కాక్ ముక్కే వంగుతుంది. అలాంటి పైపు చివరని బ్లేడుతో నిలువుగా కోసి తీసేయండి, పైపు పోతే పోనివ్వండి. స్పేర్ పార్ట్స్ షాపులో పైపు చవగ్గానే దొరుకుతుంది, కాక్ అలా కాదు. పైపులో మిగిలిన పెట్రోలు కొంత కారుతుంది, కింద గుడ్డ పెట్టుకోండి. పైపు నోట్లో శుభ్రమైన గుడ్డ ముక్క దోపితే దుమ్ము కార్బొరేటర్‌లోకి పోదు.

పెట్రోల్ మీటర్ ఉన్న బండికి ట్యాంకు అడుగున ఫ్లోట్ (పెట్రోలు మట్టం కొలిచే భాగం) నుంచి వచ్చే వైర్లు ఉంటాయి. ఆ వైర్లని కలిపే కప్లర్‌కి ఉన్న లాక్‌ని వేలితో నొక్కి, కప్లర్‌ని పట్టుకుని విడదీయండి. వైరు పట్టుకుని లాగొద్దు. ట్యాంకు మూత చుట్టూ గుంటలా ఉండే మోడళ్లలో వాన నీళ్లు పోవడానికి సన్నటి గొట్టం ఒకటి కిందికి దిగుతుంది. అది కూడా చూసుకోండి.

ఆఖరికి వెనక బోల్టు. అది తీశాక ట్యాంకు వెనక భాగాన్ని కొంచెం, నాలుగు వేళ్లు పట్టేంత మాత్రమే ఎత్తి, కిందికి తొంగి చూడండి. ఎల్ఈడీ టార్చ్ వాడండి. ఇంకేమైనా తగిలి ఉంటే ఇప్పుడే కనిపిస్తుంది. ఏమీ లేదని తేలాక రెండు చేతులతో ట్యాంకుని వెనక్కి, కాస్త పక్కలకి ఊపుతూ లాగండి. ముందు రబ్బర్ల నుంచి అది జారి వస్తుంది. రాకపోతే బలం పెంచకండి. ట్యాంకు మొరాయించిందంటే, రబ్బరు ఎండి అతుక్కుని ఉండాలి లేదా మీరు మర్చిపోయిన వైరో పైపో ఇంకా పట్టుకుని ఉండాలి. రెండోది కాదని తేల్చుకుని, రబ్బర్ల దగ్గర కొంచెం సబ్బు నీళ్లు వేసి మళ్లీ ప్రయత్నించండి.

దించిన ట్యాంకుని నీడలో, గాలి ఆడే చోట, మూత వేసి పెట్టండి. ఖాళీ ట్యాంకు గదా అని అలక్ష్యం చేయడానికి వీల్లేదు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే దాన్నిండా ఉండేది గాలి కలిసిన పెట్రోలు ఆవిరి. చిల్లు పడిందని ఇంట్లో దానికి వెల్డింగో, మాటో పెట్టే ఆలోచన చేయవద్దు. లోపల శుభ్రంగా కడిగి, ఆవిరి పోయిందని ఖాయం చేసుకున్నాక తెలిసినవాళ్లే చేయాల్సిన పని అది. ఎంసీల్ పెట్టినా అది షెడ్డు దాకా చేరుకోవడానికే.

ట్యాంకు లేనప్పుడు చూడాల్సినవి

మళ్లీ ఎప్పుడో గానీ ఈ చోటు కనపడదు, అందుకని ఓ పావుగంట ఇక్కడ వెచ్చించండి. ఫ్రేమ్ వెంట పోయే వైరింగ్‌లో ఎక్కడైనా రాసుకుపోయి రాగి కనిపిస్తోందా? ఎలుకలు కొరికాయా? ఊళ్లలో ధాన్యం దగ్గర ఆపే బళ్లకి ఇది మామూలే. ఎక్స్‌లేటర్ కేబుల్, క్లచ్ కేబుల్ పైతోలు చీలిందా? ముందు రబ్బర్లు పగిలాయా? పగిలిన రబ్బర్ల మీద ట్యాంకు కూర్చోబెడితే ఇనుము ఇనుముకి తగిలి అదిరి, కొన్నాళ్లకి అతుకు దగ్గర చెమ్మ కనిపిస్తుంది. మార్చేయండి.

షెడ్డులో మెకానిక్ చిన్న సీసాలో పెట్రోలు పోసి, పైపు తగిలించి, ట్యాంకు లేకుండానే ఇంజన్ స్టార్ట్ చేస్తుంటాడు. ఇంటి దగ్గర అది వద్దు. నడుస్తున్న వేడి ఇంజన్ పైన ఊగే సీసా అది.

బిగించడం

విప్పిన దానికి తలకిందుల వరసే. కాకపోతే తర్వాత ఇబ్బంది పెట్టే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి, తొందర వద్దు.

పైపు చివర గట్టిపడి ఉంటే, పొడుగు సరిపోతుందనుకుంటే ఆ కొస కోసేయండి. లేకపోతే అదే లోపలి సైజు కొత్త పెట్రోల్ పైపు వేయండి. నీళ్లకి వాడే ప్లాస్టిక్ ట్యూబు పెట్రోలుకి పనికిరాదు, ఉబ్బి జారిపోతుంది. పైపులో మడత పడకూడదు, ఇంజన్‌కి తగలకూడదు.

ఫ్రేమ్ మీద వైర్లన్నీ వాటి క్లిప్పుల్లో సర్దండి. ముందు రబ్బర్లకి సబ్బు నీళ్లు కొంచెం రాయండి, గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ట్యాంకుని వెనక నుంచి ముందుకి తోసి, దాని ముందు రెండు పక్కలా ఉన్న గిన్నెల్లాంటి భాగాలు రబ్బర్ల మీద పూర్తిగా కూర్చునేలా కాస్త ఊపుతూ నెట్టండి. కూర్చుందో లేదో తెలియాలంటే ట్యాంకు ముందు భాగం పట్టుకుని పైకి ఎత్తి చూడాలి. లేచిందంటే ఒక పక్క ఇంకా ఎక్కలేదు.

వెనక బోల్టు పెట్టకముందే హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పండి. వైర్లు గానీ కేబుళ్లు గానీ ట్యాంకు కింద నలిగితే అక్కడ బిగుసుకుంటుంది. ముఖ్యంగా ఎక్స్‌లేటర్ కేబుల్. అది ట్యాంకుకీ ఫ్రేమ్‌కీ మధ్య ఇరుక్కుంటే, మలుపులో హ్యాండిల్ తిప్పినప్పుడు రేస్ దానంతటదే పెరుగుతుంది. నడిరోడ్డు మీద అలా జరిగితే మనిషికే ముప్పు.

ఫొటో చూసి వాషర్, రబ్బరు, ఇనుప గొట్టం అదే వరసలో పెట్టండి. ఆ చిన్న గొట్టం ఎందుకుందంటే, బోల్టు ఎంత బిగించినా బరువు గొట్టం మీద పడి, రబ్బరు నలగకుండా ఉండడానికి. అది లేకుండా బిగిస్తే రబ్బరు చిట్లుతుంది, ట్యాంకు ఫ్రేమ్‌తో పాటే అదురుతుంది, చివరికి బోల్టు పట్టే ట్యాంకు పట్టీ దగ్గర పగులు వస్తుంది. బోల్టుని ముందు చేత్తో నాలుగు చుట్లు ఎక్కించాకే పానా పెట్టండి. గట్టిగా కూర్చున్నాక ఆపేయాలి, అక్కడితో చాలు.

పైపు తొడిగి, క్లిప్పుని కాక్ ముక్కు మీది గట్టు వెనక్కి జరిపి వదలండి. కప్లర్ క్లిక్ అనేదాకా నొక్కండి. వాన నీళ్ల గొట్టం ఉంటే దాన్నీ తగిలించండి, లేకపోతే ఆ నీళ్లు ప్లగ్ మీదో వైర్ల మీదో పడతాయి.

సీటు ఇప్పుడే బిగించకండి. ముందు లీకు చూడాలి. అర లీటరు పెట్రోలు పోసి, కాక్ ఆఫ్‌లోనే ఉంచి, కింద పాత న్యూస్‌పేపర్ పరవండి. కాగితం మీద ఒక్క చుక్క పడినా మరక స్పష్టంగా తెలుస్తుంది. ఐదు నిమిషాలయ్యాక కాక్ రిజర్వ్‌కి తిప్పి మరో పది నిమిషాలు ఆగండి. కాక్ ట్యాంకుకి అతికే చోట, పైపు రెండు చివర్లా, ఫ్లోట్ ప్లేటు చుట్టూ పొడి టిష్యూతో తుడిచి చూడండి. చెమ్మ తగిలితే బండి స్టార్ట్ చేయకండి. కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో పైపు నుంచి కారుతుంటే ట్యాంకు తప్పు కాదు, చెత్త పడి, లోపలికి వచ్చే పెట్రోలుని ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగా మూసుకోవడం లేదు.

అంతా పొడిగా ఉంటే బ్యాటరీ వైరు తగిలించి, తాళం ఆన్ చేసి పెట్రోల్ మీటర్ ముల్లు కదిలిందా చూడండి. కార్బొరేటర్ గిన్నె నిండడానికి కొద్దిసేపు పడుతుంది కాబట్టి మొదటి రెండు మూడు కిక్కులకి స్టార్ట్ కాకపోతే కంగారు పడక్కర్లేదు, చోక్ వేసి కొట్టండి. స్టార్ట్ అయ్యాక, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌ని మళ్లీ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పండి. రేస్ ఏ మాత్రం మారకూడదు. అప్పుడు సీటు, సైడ్ కవర్లు.

ఇంజెక్షన్ బండి అయితే

ఇలాంటి బళ్లలో చాలావాటికి పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, కాక్ ఉండదు. పైపులో పెట్రోలు ఊరికే దిగదు, సుమారు 3 బార్ల ఒత్తిడితో నిండి ఉంటుంది. నేరుగా పైపు పీకితే కళ్లలోకి చిమ్ముతుంది. ముందు పంపు కప్లర్ విడదీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, దానంతటదే ఆగిపోయేదాకా నడవనివ్వండి. అప్పుడు పైపులో ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసి, ఇంజన్ చల్లారాక, పైపు జాయింట్ చుట్టూ గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ లాక్ నొక్కి నెమ్మదిగా విడదీయండి. ఆ లాక్ స్క్రూ డ్రైవర్‌తో పొడిచేంత గట్టిది కాదు, వేళ్లతోనే రావాలి. బిగించేటప్పుడు క్లిక్ వినపడాలి, తర్వాత ఒకసారి వెనక్కి లాగి చూడాలి. స్టార్ట్ చేసే ముందు తాళం ఆన్ చేసి, పంపు గుర్రుమని ఆగాక ఆఫ్ చేయండి. ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే పైపు నిండుతుంది, లీకు ఉంటే అప్పుడే బయటపడుతుంది.

ట్యాంకు నుంచి పంపుని విప్పే పని మాత్రం ఇంటి దగ్గర పెట్టుకోవద్దని నా సలహా. దాని సీలు ఒకసారి విప్పితే కొత్తది వేయాల్సి వస్తుంది. వారంటీలో ఉన్న బండి అయితే అసలే ముట్టుకోకండి.

తీసి ఉంచిన పెట్రోలులో నీళ్లు లేకపోతే సన్నటి జాలీ ఉన్న గరాటుతో తిరిగి పోసుకోవచ్చు. నీళ్లు ఉన్న పెట్రోలుని బండిలో పోయకండి, డ్రైనేజీలో వంచకండి, కాలువల వెంట ఆవిరి ఇంకొకరి ఇంటి దాకా పోతుంది. మూత బిగించి మీకు తెలిసిన షెడ్డులో ఇవ్వండి. పెట్రోలు తడిసిన గుడ్డల్ని ముద్దగా పడేయకుండా బయట విడివిడిగా ఆరేయండి. రెండు రోజులు బండి తిప్పాక వెనక బోల్టు మీద ఒకసారి పానా పెట్టి చూడండి, పొద్దున్నే బండి కింద నేల కూడా చూడండి.